రెండో పొయ్యి

ఇల్లంటే ఏమిటని అడిగితే మనం గోడల దగ్గర మొదలుపెట్టి మనుషుల దగ్గర తేలతాం. ప్రభుత్వం అంత చుట్టూ తిరగలేదు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక ఇల్లు అని తేల్చేసింది. రాబడి తక్కువున్న ఇళ్ళకి ఇంటర్నెట్ చార్జీలో చాలా భాగం తానే భరిస్తానంది, ఇంటికొక్క లైనే అంది, ఆ ఇంటిని పొయ్యితో కొలిచింది. తలుపులూ గోడలూ ఎన్నయినా చెబుతాయి గాని పొయ్యి అబద్ధం చెప్పదని ఆ నిబంధన రాసినవాళ్ళు అనుకుని ఉంటారు. నిజమే, పొయ్యి చెప్పదు. దాని ముందు నిలబడి గరిటె తిప్పే మనిషి సంగతే వాళ్ళు మర్చిపోయారు.

ఈ ఇంటికి డోర్ నంబరు ఒకటే, పైకి మెట్లు మాత్రం బయటి నుంచి. కింద రెండు గదులూ వంటగదీ పెద్దకొడుకువి. అతను సిటీ బస్సు డ్రైవరు, పొద్దున వెళ్తే ఎప్పుడొస్తాడో ట్రాఫిక్కే చెప్పాలి. పెద్దకోడలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జిప్పులు మార్చడం, నడుములు వదులు చేయడం, పొడుగైనవి మడిచి కుట్టడం చేస్తుంది. దారం తెంపే చిన్న కత్తెర ఒకటి తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంటుంది. ముందుగదిలో కిటికీ పక్కన మంచం మీద అత్తగారు. తుంటి ఎముక విరిగాక ఆవిడ కాళ్ళకి విశ్రాంతి దొరికింది గాని, వాటి పని కూడా చెవులే ఎత్తుకున్నాయి. వీధిలో ఎవరి సైకిలు గొలుసు వదులైందో ఆవిడ మంచం మీంచే చెప్పగలదు.

పైన ఒకే గది. అందులో చిన్నకొడుకు, చిన్నకోడలు. చిన్నకొడుకుని వీధంతా మైకు అంటారు. కూరగాయల హోల్‌సేల్ మార్కెట్లో వేలంపాట పాడేవాడు. అతను బస్తాల మీదెక్కి 'ఒకటోసారి, రెండోసారి' అన్నాడంటే మార్కెట్ అవతలున్న టీ కొట్టువాడు గ్లాసు కింద పెట్టి వినేవాడు. అలాంటి మనిషికి పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా ఒక్కసారే పడిపోయాయి. బుర్ర మాత్రం భేషుగ్గా ఉంది. అందరూ గుర్తే, అన్నీ అర్థమవుతాయి, నోరే తిరగదు. ఏం చెప్పబోయినా పెదాలు ఆ మాట కోసం కాసేపు వెతుక్కుని, దొరక్క ఊరుకుంటాయి.

మాట మళ్ళీ రావచ్చు, రోజూ సాధన చేయించాలి, ఆలస్యమైతే మాత్రం ఉన్నది కూడా బిగుసుకుపోతుంది అని పెద్దాసుపత్రిలో చెప్పారు. మాటలు నేర్పే టీచరమ్మ అక్కడే ఉంటుంది. రోజూ ఆ మెట్లు దింపి, రెండు బస్సులు మార్చి అతన్ని తీసుకెళ్ళడం ఎవరి తరమూ కాదు. వీడియోలో నేర్పుతానందావిడ. చిన్నకోడలు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని చేస్తుంది. ఆ జీతంలో నెట్ పెట్టించుకోవడం కలలో మాట. అందుకే, కింద పెద్దకొడుకు పేర అలాంటిది ఒకటి ఉన్నా, తమ వంట వేరని తనూ ప్రభుత్వం లైనుకి దరఖాస్తు పెట్టింది, వచ్చింది. పనికి వెళ్తూ ఫోనుని పప్పు డబ్బాకి ఆనించి మొగుడి ముందు పెట్టి, మెట్ల మీద జారి పడతాడేమోనని బయట తాళం వేసి వెళ్ళేది. ఇంకో తాళంచెవి పెద్దకోడలి దగ్గర ఉంచింది. అది కత్తెర తాడుకే ఉండేది. మైకు ఎడమచేత్తో కర్ర తీసుకుని నేల మీద రెండు దెబ్బలు కొడితే మంచినీళ్ళని అర్థం. కింద మిషను ఆపి పెద్దకోడలు పైకి వెళ్ళేది.

ఒకరోజు పైకప్పులోంచి ఆమెకి 'ఒ... క... టో...' అని వినిపించింది. పెడల్ మీద కాలు ఆగిపోయింది. మామూలు మాటలకన్నా నోటికి అలవాటైన పాటే ముందు తిరిగొస్తుందట, టీచరమ్మ చెప్పిందని తర్వాత తెలిసింది. మరికొన్నాళ్ళకి 'సారి' కూడా అతుక్కుంది. ఆ రోజు పెద్దకోడలు అత్తగారి మంచం దగ్గరికి పరిగెత్తి చెప్పింది. అత్తాకోడళ్ళిద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, రేపు ఆమె చేసే పని చూసి ఈవిడకి మరిది మీద ప్రేమ లేదనుకుంటారేమోనని. ఉంది. ప్రేమ ఉన్నవాళ్ళు కూడా చేస్తారు అలాంటి పనులు.

ఇక రెండో పొయ్యి. మామగారు పోయేటప్పుడు కొడుకులిద్దరి చేతులూ పట్టుకుని ఇంట్లో పొయ్యి రెండు కాకూడదన్నాడు. అత్తగారు ఆ మాటని మెడలో గొలుసులా వేసుకు తిరిగింది. ఎవరింట్లో వేరు పడ్డారని విన్నా 'మా ఇంట్లో అలాంటివి లేవమ్మా' అనకుండా ఉండలేదు. మైకు ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో అతనికి అన్నీ మెత్తగా, ఉప్పు తక్కువగా విడిగా వండాల్సి వచ్చేది. ఒకరోజు మిషను దగ్గర పని మీద పడి, పొయ్యి మీద పాలు పొంగి, పెద్దకోడలు విసుగులో ఒక మాట అంది. 'ఒకరికి గొడ్డుకారం, ఒకరికి చప్పిడి, నేనేమన్నా హోటలు నడుపుతున్నానా?' అంది. గుమ్మంలో గిన్నె పట్టుకుని చిన్నకోడలు ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. చిన్నకోడలు ఎదురుమాట అనలేదు. జీతం రోజున ఒంటి బర్నరు పొయ్యి కొని, గుడ్డలో చుట్టి పైకి పట్టుకెళ్ళింది. 'నీకు శ్రమ అక్కా' అంది అంతే. ఆ 'అక్కా'లో వెటకారం ఉందేమోనని పెద్దకోడలు ఎంత వెతికినా దొరకలేదు. అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది.

అత్తగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చిన్నకోడలు రోజూ కిందికి ఓ గిన్నె తెచ్చి, ఓ గిన్నె పట్టుకెళ్ళేది. గిన్నెల చప్పుడు విని ఆవిడ నిశ్చింతగా ఉండేది.

సర్వే అమ్మాయి వచ్చిన పొద్దున వీధి తలుపు బార్లా తీసి ఉంది. చేతిలో ట్యాబు, మెళ్ళో గుర్తింపు కార్డు. ఒకే డోర్ నంబరు మీద రెండు సబ్సిడీ లైన్లు కనిపించాయని, చూసి వెళ్ళడానికి వచ్చానని మర్యాదగా చెప్పింది. లోపలికి రమ్మంటే అత్తగారి మంచానికి బారెడు దూరంలో నిలబడి, ఈ ఇంట్లో ఎన్ని పొయ్యిలమ్మా అని అడిగింది.

అత్తగారి తల కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

పెద్దకోడలికి ఆ క్షణంలో ఇంటర్నెట్ గుర్తుకు రాలేదు. రెండు అంటే అత్తగారు ఎందుకు అంటుంది. ఎందుకో చెబితే పాలు పొంగిన రోజు బయటికొస్తుంది. ఆమెకి కనిపించిందల్లా అదే.

"ఒకటేనమ్మా. మా ఇంట్లో వేరు కుంపట్లు లేవు" అంది.

బయట మెట్ల దగ్గరికి వచ్చాక, పైగదిలో ఎవరుంటారని ఆ అమ్మాయి అడిగింది. మరిది వాళ్ళు రాత్రి పడుకుంటారని, పగలెవరూ ఉండరని పెద్దకోడలు చెప్పింది. ఒకసారి చూడొచ్చా అంటే తాళంచెవి తన దగ్గర లేదంది. కత్తెర తాడుని జాకెట్టు లోపలికి తోసేసుకున్న సంగతి తనకే తర్వాత తెలిసింది. అబద్ధం ఒంటరిగా బతకదు, చుట్టాల్ని పిలుచుకుంటుంది. సర్వే అమ్మాయి తన పనిలో గట్టిది. పోనీ అని ఊరుకోకుండా మెట్లెక్కి తలుపు తట్టింది. లోపల ఎవరైనా ఉన్నారా అని గొంతెత్తి పిలిచింది. మళ్ళీ తట్టింది. పెద్దకోడలు మెట్ల కింద నిలబడి కర్ర చప్పుడు కోసం చూసింది. ఇప్పుడు కొడతాడు, ఇదిగో కొడతాడు అని ఊపిరి బిగబట్టింది. కర్ర మోగలేదు. ఆ అమ్మాయి దిగొచ్చి, ట్యాబులో ఏదో నొక్కి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది.

"మన ఇంటి పరువు నిలబెట్టావే" అంది అత్తగారు.

నిద్రపోయుంటాడు. పెద్దకోడలు ముందు అదే అనుకుంది. పాఠం అయ్యాక అలసిపోతాడు, మందుల మత్తు ఒకటి, తప్పకుండా నిద్రపోయే ఉంటాడు. మధ్యాహ్నం నీళ్ళు పట్టుకుని తాళం తీసి వెళ్తే మైకు మంచం మీద కూర్చుని ఉన్నాడు, కర్ర ఒళ్ళో అడ్డంగా ఉంది. ఇప్పుడే లేచావా అని అడిగింది. అతను ఆమె మొహంలోకి చూసి, తర్వాత కిటికీ వైపు తిరిగాడు. దాన్ని ఔననుకుని కిందికి వచ్చేసింది. మనకి కావలసిన జవాబుకి ఎదుటివాడి నోరు అక్కర్లేదు కదా.

లైను ఆ వారంలోనే పోయింది. ఒకే ఇంట్లో రెండో కనెక్షన్ కాబట్టి సబ్సిడీ రద్దయిందని చిన్నకోడలి ఫోనుకి మెసేజ్ వచ్చింది. లాండ్రీ నుంచి వచ్చి, వేళ్ళు సబ్బుకి పాలిపోయి ముడతలు పడి ఉండగా, ఆ ఫోను పెద్దకోడలి ముందు పెట్టింది.

"మన డోర్ నంబరు ఒకటి కదక్కా. పొయ్యిలు రెండని కంప్యూటర్‌కేం తెలుసు పాపం" అంది.

పెద్దకోడలు తల ఊపింది. చెప్పేయాల్సింది అప్పుడే. ఆ మాట నాలుక దాకా వచ్చిందని కూడా అనలేను, గుండెల దగ్గరే ఎక్కడో ఆగిపోయింది. ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తరని, లాండ్రీలో సెలవు అడిగితే ఇంకొకర్ని పెట్టుకుంటారని చిన్నకోడలు అంటుంటే, నేను వెళ్ళి కనుక్కుంటాలే అనేసింది. చిన్నకోడలు ఆమె చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుంది. తడి ఆరని చేతులు. పెద్దకోడలు తన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని, దారం కోసం వెతుకుతున్నట్టు నటించింది.

ఆఫీసుకి ఆమె వెళ్ళలేదు. వెళ్తే ఆ అమ్మాయే ఎదురుపడి మీరే కదమ్మా ఒకటన్నారు అంటుందని భయం. వచ్చేవారం రమ్మన్నారు అని చెప్పింది. ఆ వచ్చేవారం పెద్దాఫీసరు సెలవన్నారని చెప్పింది. చిన్నకోడలు నమ్మింది. నమ్మేవాళ్ళ దగ్గర అబద్ధం చెప్పడం మహా కష్టం, ఎంత చెప్పినా సరిపోయినట్టుండదు.

పోనీ కింద లైను పైకి వాడుకోవచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. వాళ్ళకీ అనిపించింది. కింద వైఫై పెట్టెని కిటికీలోకి జరిపారు, స్టూలు మీద పెట్టారు, అలమర మీద పెట్టారు. మధ్యలో ఆ మందపాటి స్లాబు ఉంది. పైగదిలో టీచరమ్మ బొమ్మ ఆగి ఆగి కదిలేది. ముందు పెదాలు కదిలి, ఎప్పటికో చప్పుడు వచ్చేది. పెదాలు చూసి చప్పుడు నేర్చుకునేవాడికి దానితో ఏం లాభం? నోరు 'మూ' అని ముడుచుకుంటే చెవికి 'టో' అని వినిపించేది. మైకు కాసేపు ప్రయత్నించి ఫోనుని బోర్లించేవాడు.

మెట్ల మలుపు దగ్గర మాత్రం బాగా అందింది. చిన్నకోడలు సెలవున్న ఒక పొద్దున అతన్ని పట్టుకుని మలుపు దాకా దింపి, ముక్కాలి పీట వేసి కూర్చోబెట్టింది. పాఠం మొదలైంది. 'ఒ... ఒక... టోసా...' మెట్లు వీధిలోకే. మార్కెట్ వైపు బండి లాక్కెళ్తున్న పాత హమాలీలు ఇద్దరు ఆగారు. ఒకప్పుడు అతని పాట కింద బస్తాలు మోసినవాళ్ళు. వాళ్ళు నవ్వలేదు పాపం, ఒకడు నెత్తిమీది తువ్వాలు కూడా తీశాడు, శవం ముందు తీసినట్టు. నవ్వి ఉంటేనే నయమయ్యేది. మైకు వాళ్ళని చూసి, నోరు మూసి, ఎడమచేత్తో ఫోను ఆపేశాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా మెట్ల దగ్గరికి రాలేదు.

పైకప్పు నిశ్శబ్దమైపోయింది. పెద్దకోడలు మిషను ఆపినప్పుడల్లా అది వినిపించేది. మిషను ఆపకుండా కుట్టడం మొదలుపెట్టింది. పక్కింటావిడ పరదాలకి అక్కర్లేని చోట కూడా రెండో కుట్టు వేసింది. ఎవరు తలుపు తట్టినా తేలు కుట్టిన దొంగలా ఉలిక్కిపడేది. అత్తగారు చిన్నవాడి గొంతు వినపడటం లేదేమని రోజూ అడిగేది. పాఠాలకి సెలవులు అత్తయ్యా అని చెప్పేది.

ఒకరోజు చిన్నకోడలు మెట్ల మీద కూర్చుని చెప్పింది. టీచరమ్మ ఫోను చేసిందట. ఇన్నాళ్ళు ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది, వచ్చిన మాటలు కూడా పోతాయి అందట. నిన్న తాను 'ఒకటోసారి' అనమంటే అనలేకపోయాడట. చెబుతూ చిన్నకోడలు ఏడవలేదు, మెట్టు మీద పెచ్చులూడిన సిమెంటుని గోటితో గీకుతూ కూర్చుంది.

పెద్దకోడలు వింటోంది. వింటూండగా ఆమె లోపల ఒక మాట, ఆమె అడక్కుండానే, పలికింది. మాట రాకపోతే చెప్పలేడులే.

అంతే. ఒక్క క్షణం. ఒకవేళ ఆ రోజు మేలుకుని ఉన్నా, మాట రాకపోతే ఎవరికీ చెప్పలేడు. ఆ ఊహ వెంట చల్లగా ఒక ఊరట వచ్చింది, నిజంగానే వచ్చింది. లేచి వంటగదిలోకి వెళ్ళి, పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. నేనేం మనిషిని అనుకుంది. అబద్ధం నోరు జారిందనుకోవచ్చు. ఇది జారింది కాదు, లోపల కూర్చుని ఉన్నదే. తనమీద తనకి అంత అసహ్యం ఆమెకి అంతకుముందెప్పుడూ వేయలేదు.

మర్నాడు మిషను మీద గుడ్డ కప్పి ఆఫీసుకి వెళ్ళింది.

ఆఫీసులో ఆమె భయపడ్డంత ఏమీ జరగలేదు. సర్వే అమ్మాయి కుర్చీ చూపించి విన్నది. చెప్పినంత మాత్రాన కుదరదని, తాను మళ్ళీ వచ్చి రెండు పొయ్యిలూ కళ్ళతో చూడాలని, అప్పుడు ఎవరు ఒకటన్నారో వాళ్ళే ఇంట్లో నిలబడి రెండని చెప్పాలని అంది. తిట్టి ఉంటే పెద్దకోడలికి సగం బరువు దిగేది. ఆ పిల్ల టీ తాగుతారా అని అడిగింది. ఎప్పుడు రమ్మంటారంటే పెద్దకోడలు పగటిపూట రమ్మంది. చిన్నకోడలు పనికి వెళ్ళే వేళ అని పైకి అనలేదు. చూశారా, మంచిపని చేయడానికి వెళ్ళి కూడా దొడ్డిదారి వెతుక్కుంది.

సర్వే అమ్మాయి వచ్చి అదే చోట నిలబడింది. పెద్దకోడలు అత్తగారి మంచం వైపు తిరిగి, వినపడాల్సినంత గట్టిగా చెప్పింది.

"ఈ ఇంట్లో రెండు పొయ్యిలమ్మా. అప్పుడు తప్పు చెప్పాను. చిన్నవాళ్ళు వేరే వండుకుంటున్నారు."

అత్తగారు దుప్పటి అంచుని వేళ్ళతో మడిచింది, విప్పింది. తర్వాత ఎప్పటి నుంచి అంది. పెద్దకోడలు చెప్పింది. ఎందుకు అంది. పెద్దకోడలు అదీ చెప్పింది, పాలు పొంగిన సంగతీ, తాను అన్న మాటా, చిన్నకోడలు గుమ్మంలో ఉన్న సంగతీ. సర్వే అమ్మాయి ట్యాబులో తల దూర్చి విననట్టు నిలబడింది.

"ఇంకేమన్నా దాచావా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా" అంది.

సర్వే అమ్మాయీ పెద్దకోడలూ మెట్లెక్కారు. పెద్దకోడలు మెళ్ళోంచి తాడు తీసి, కత్తెర పక్కనున్న తాళంచెవితో తలుపు తీసింది. మైకు మంచం మీదున్నాడు. సర్వే అమ్మాయి అతన్ని చూసి తెల్లబోయింది. నమస్కారం పెట్టి, కిటికీ కింద బల్ల మీదున్న ఒంటి బర్నరు పొయ్యిని ఫొటో తీసుకుంది. అప్పుడు తాళంచెవి మీ దగ్గర లేదన్నారు కదా అని అడిగింది, తప్పు పట్టడానికి కాదు, రాసుకోవడానికి. తర్వాత దొరికిందంది పెద్దకోడలు. అంటూ ఆమె మరిది వైపు చూడలేదు. చూడకపోయినా అతను తాళంచెవినే చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

లైను మళ్ళీ వచ్చింది. చిన్నకోడలు లాండ్రీ నుంచి పరిగెత్తుకొచ్చి పెద్దకోడల్ని కావలించుకుంది. ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి సాధించావక్కా, సొంత అక్కయినా ఇంత చేయదు అంది. కింద నుంచి అత్తగారు దగ్గింది. ఆవిడ పెద్దకోడలితో అవసరానికి తప్ప మాట్లాడటం మానేసి కొన్నాళ్ళయింది. ఆ మౌనం పెద్దకోడలికి నిజంగా హాయిగా ఉండేది. చిన్నకోడలి పొగడ్తే భరించలేకపోయేది. చేసిన పనికి తిట్లు పడక, చేయని పుణ్యానికి దండలు పడుతుంటే మనిషి ఎక్కడ దాక్కుంటుంది?

పాఠాలు సాగాయి. టీచరమ్మ అన్నట్టే మళ్ళీ మొదటికొచ్చింది. 'ఒ' దగ్గర్నుంచి. పెద్దకోడలు కింద కుడుతూ వినేది. మాట వచ్చిన ప్రతిసారీ సంతోషమూ గుబులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. 'రెండోసారి' వచ్చింది. 'నీళ్ళు' వచ్చింది. భార్యని పిలిచే ముద్దుపేరు వచ్చింది, ఆ రోజు చిన్నకోడలు పనికి ఆలస్యంగా వెళ్ళింది. కర్ర దెబ్బలు తగ్గిపోయాయి. ఆ రోజు నిద్రపోయుంటాడు అని పెద్దకోడలు ఇప్పటికీ రోజుకోసారి అనుకునేది, మందు వేసుకున్నట్టు.

ఒక సాయంత్రం పైనుంచి 'నీళ్ళు' అని పిలుపు వచ్చింది. చిన్నకోడలు ఇంకా రాలేదు. పెద్దకోడలు చెంబు పట్టుకుని తాళం తీసింది. మైకు నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టి, కూర్చోమన్నట్టు మంచం పట్టె మీద ఎడమచేత్తో తట్టాడు. ఆమె కూర్చోలేదు. అతను పెదాలు కూడదీసుకున్నాడు. మొహమంతా ఆ పనిలోకి దిగింది.

"వ... దినా" అన్నాడు.

జబ్బు పడ్డాక ఆ పిలుపు అదే మొదటిసారి. ఆమెకి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. ఎంత బాగా అన్నావు అని, చెల్లికి చెబుతానని ఏదేదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఇంకా ఉంది అన్నట్టు చెయ్యెత్తాడు.

"తలుపు... తట్టా... రు." ఊపిరి తీసుకున్నాడు. "నిద్ర... పో... లేదు."

అతను ఒళ్ళోకి కర్ర లాక్కుని, నేల మీద ఆనించి, కొట్టకుండా అలాగే ఎత్తి పక్కన పెట్టాడు. అర్థమైంది కదా అన్నట్టు చూశాడు. అతని చూపులో కోపం కోసం ఆమె వెతికింది. చిన్నకోడలి 'అక్కా'లో వెటకారం కోసం వెతికినట్టే వెతికింది. ఇక్కడా దొరకలేదు. ఆ రోజు కర్ర చేతిలో ఉంది. రెండు దెబ్బలు కొడితే తన మాట తనకి దక్కేది. మెట్ల దగ్గర ఆమె అన్నదంతా కిటికీలోంచి విని, పరాయి మనిషి ముందు వదిన అబద్ధాలకోరు కాకూడదని ఎత్తిన కర్ర దించుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె జోకొట్టి నిద్రపుచ్చింది మరిదిని కాదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. చిన్నకోడలు సబ్బు వాసనతో లోపలికొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి నవ్వింది. ఏదో కొత్త మాట వచ్చినట్టుందే, నాకు తెలియకుండా మీ వదినకి ఏం చెప్పారు అని మొగుణ్ణి అడిగింది.

మైకు భార్య వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఇప్పుడు మాట ఉంది అతనికి, చెప్పగలడు. కాసేపు అలాగే ఉండి, నోరు మూసుకుని, అలసిపోయినట్టు గోడకి ఆనుకున్నాడు.

"అయ్యో, మళ్ళీ పోయిందా?" అంది చిన్నకోడలు. ఆమె మొహంలో నవ్వు వాడిపోయింది. "పొద్దున బాగానే అన్నారక్కా. మళ్ళీ మొదటికొస్తుందా?"

"పోలేదు చెల్లీ. ఏం పోలేదు" అంది పెద్దకోడలు. "చేతిలో సంచి కింద పెట్టి ఇలా కూర్చో."

మెళ్ళోంచి తాడు తీసింది. తాళంచెవిని కత్తెర నుంచి విడదీయబోతే ముడి రాలేదు. విడదీయకుండా అలాగే రెండూ కలిపి వాళ్ళిద్దరి మధ్యా దుప్పటి మీద పెట్టింది.

"ఆ సర్వే అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు ఇది నా దగ్గరే ఉంది" అంది.